మట్టికోటను చూడని కెమెరా

గత డిసెంబరులో మా బడి పిల్లలను ఓరుగల్లు కోటకు తీసుకెళ్లాను. హనుమకొండలో పుట్టి పెరిగిన పిల్లలే ఐనా, కీర్తితోరణాల దగ్గర ఫోటో దిగి రావడమే తప్ప కోటను కాళ్లతో నడిచి చూసినవాళ్లు వాళ్లలో తక్కువ. అందుకని తోరణాల దాకా పోనీయకుండా బయటి మట్టిగోడ దగ్గరే ఆటోలు ఆపించాను. గడ్డీ తుమ్మచెట్లూ మొలిచిన ఆ కట్ట ఎక్కి నిలబడ్డాక తొమ్మిదో తరగతి కుర్రాడొకడు చుట్టూ కలయజూసి, "సార్, పాము వ్యూహం పన్నింది ఇక్కడేనా?" అని అడిగాడు. "ముందు నువ్వు నిలబడ్డది దేనిమీదో చెప్పు" అన్నాను. "చెరువుకట్ట సార్" అన్నాడు.

వాడిని తప్పుపట్టడానికి లేదు. 2015 అక్టోబరులో గుణశేఖర్ 'రుద్రమదేవి' వచ్చేనాటికి వాడింకా బడి ముఖం చూడలేదు. తర్వాత టీవీలో ఎన్నిసార్లు చూశాడో తెలియదు. దేవగిరి సైన్యం మైదానం మీద పాము ఆకారంలో కదలడం, దానికి ఎదురుగా కాకతీయ సైన్యం గద్ద ఆకారంలో రెక్కలు విప్పడం వాడి కళ్లకు కట్టినట్టున్నాయి. యుద్ధం అంటే వాడికి అదే. తాను నిలబడి ఉన్న మట్టికట్టే ఆనాటి యుద్ధతంత్రమనీ, తన కాళ్ల కింద ఉన్నదే అసలు వ్యూహమనీ వాడికి చెప్పినవాళ్లు లేరు. సినిమా చెప్పలేదు, పాఠం చెప్పలేదు. నిజం చెప్పాలంటే చాలాకాలం నేను కూడా చెప్పలేదు.

ఆ సినిమా విడుదలైనప్పుడు మన ఊళ్లో జరిగిన చర్చ గుర్తున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆభరణాలు ఆ కాలానివా కావా, గోన గన్నారెడ్డి చేత తెలంగాణ యాస మాట్లాడించడం సబబా, మిగతా పాత్రలకు ఆ యాస ఎందుకు లేదు, కాకతీయులు ఏ కులం వాళ్లు అన్నవే ఆ చర్చలో ముఖ్యాంశాలు. అభ్యుదయ శిబిరంలో ఉన్న మనం మరొక మాట కలిపాం: ఇది రాచరికాన్ని కీర్తించే చిత్రం. నేను ఒక సభలో ఆ మాటే చెప్పి, భూస్వామ్య భావజాలం గురించి పావుగంట మాట్లాడి చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నాను. నా మాట అబద్ధం కాదు. కాని ఆ మాట చెప్పడానికి సినిమా చూడనక్కరలేదు, పోస్టరు చూస్తే చాలు. యుద్ధం ఎలా జరిగింది, ఎవరు చేశారు, ఎవరి చెమటతో జరిగింది అని అడిగినవాళ్లు మాలో లేరు.

నా చేత ఆ ప్రశ్న అడిగించినవాడు విమర్శకుడు కాదు. కొన్నేళ్ల కింద మా ఇంటి వెనక గది పునాది తవ్వడానికి వచ్చిన ఒడ్డెర పెద్దమనిషి. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నప్పుడు మాటల్లో కోట ప్రసక్తి వస్తే, "కోటకట్ట మీది మట్టి ఏడికెళ్లి తెచ్చిన్రో ఎరుకేనా సారూ?" అని అడిగాడు. "నువ్వే చెప్పు తాతా" అన్నాను. "అగడ్తలకెళ్లి తీసిందే గద. తవ్వినోళ్లే కట్టిన్రు. ఒక్క పనికి రెండు కోటలాయె" అన్నాడు. గోడ ఒకటి, నీళ్లు నిండిన కందకం ఒకటి. శత్రువుకు రెండు అడ్డంకులు, పనివాళ్లకు మాత్రం తవ్వకం ఒకటే. నేను చదివిన సినిమా విమర్శల్లో యుద్ధవ్యూహం గురించి ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు కనిపించలేదు.

గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోట గోడను రుద్రమ 20 అడుగులకు పెంచిందనీ, దాని బయట సుమారు మైలున్నర వ్యాసంతో మట్టికోట కట్టించిందనీ, దాని చుట్టూ దాదాపు 150 అడుగుల వెడల్పు కందకం తవ్వించిందనీ చరిత్రకారులు రాశారు. రాతిగోడ లోపలివైపు పొడవునా కనిపించే మెట్లు కూడా ఆమె కాలానివేనని చెబుతారు. ఆ మెట్లను చూసినవాళ్లకు వాటి ఉపయోగం వేరే చెప్పనక్కరలేదు. ఎక్కడ దాడి జరిగితే అక్కడికి, నిచ్చెన కోసం వెతుక్కోకుండా, వందలమంది ఒకేసారి గోడ మీదికి ఎక్కవచ్చు. అంటే రుద్రమ సైనికప్రతిభకు ఈనాటికీ మిగిలి ఉన్న సాక్ష్యం కత్తి కాదు. మట్టి, నీళ్లు, మెట్లు.

మా బడిలో లెక్కల మాస్టారిని కూర్చోబెట్టి ఒక లెక్క కట్టించాను. మైలున్నర వ్యాసానికి చుట్టుకొలత సుమారు ఏడున్నర కిలోమీటర్లు. కందకం 150 అడుగుల వెడల్పు అన్నారు కనుక, లోతు పది అడుగులే అనుకున్నా తవ్వవలసిన మట్టి మూడున్నర కోట్ల ఘనపుటడుగులు దాటుతుంది. ఒక మనిషి పొద్దుటినుంచి సాయంత్రం దాకా నూరు ఘనపుటడుగులు తవ్వుతాడనుకుంటే మూడున్నర లక్షలకు పైగా పనిదినాలు. వెయ్యిమంది ఒక్కరోజైనా మానకుండా తవ్వితే ఏడాది. ఇది తవ్వకం మాత్రమే. తట్టలకెత్తి మోయడం, పొరలు పొరలుగా పోసి తడపడం, దిమ్మిసకొట్టడం ఈ లెక్కలోకి రాలేదు. వాళ్లు తిన్న జొన్నలూ రాలేదు. ఆ జొన్నలు పండించినవాళ్లు అసలే రాలేదు.

ఇప్పుడు సినిమాలోని వ్యూహం దగ్గరికి వద్దాం. పాము, గద్ద అనే పేర్లు దర్శకుడు గాలిలోంచి తీసినవి కావు. కౌటిల్యుని అర్థశాస్త్రం పదో అధికరణంలో దండ, భోగ, మండల, అసంహత అని నాలుగు మూలవ్యూహాలూ, వాటినుంచి పుట్టిన అనేక భేదాలూ ఉన్నాయి. అందులో శ్యేనం ఉంది, సర్పసారి ఉంది. ఐతే కౌటిల్యుడు ఆ పేర్లు పెట్టింది సైన్యం నడుము, పక్కలు, రెక్కలు ఏవి ముందుకు పోవాలి, ఏవి వెనక ఉండాలి, ఏవి వంకరగా కదలాలి అన్నదానికి. అతని దృష్టంతా కొలతల మీద ఉంటుంది. కాలిబంటుకూ కాలిబంటుకూ మధ్య ఒక శమం, అంటే 14 వేళ్ల వెడల్పు. గుర్రానికీ గుర్రానికీ మూడు శమాలు. విలుకాడికీ విలుకాడికీ ఒక విల్లు దూరం. అన్నిటికన్నా గమనించదగ్గ విషయం, రాజు ఎక్కడుండాలన్నది. అదనపు బలగంతో వెనక 200 విల్లుల దూరంలో నిలవాలంటాడు. వెనక బలగం లేకుండా యుద్ధానికి దిగనే కూడదంటాడు. రాజును మొదటి వరసలో నిలబెట్టి శత్రువుల మీదికి ఉరికించడం కౌటిల్యుడికి తెలిసిన విద్య కాదు. అది మన దర్శకులకు తెలిసిన విద్య.

సినిమాలో వ్యూహం పైనుంచి మాత్రమే కనిపిస్తుంది. కెమెరా ఆకాశానికి లేచినప్పుడు పాము పాములా ఉంటుంది, గద్ద గద్దలా ఉంటుంది. కెమెరా నేలకు దిగగానే వ్యూహం మాయమై నాయకుడి కత్తి ఒక్కటే మిగులుతుంది. ఈ రెండు ఎత్తుల మధ్య మనిషి అనేవాడు ఎక్కడా లేడు. పక్కవాడి భుజం తగులుతూ, ముందువాడి వీపు తప్ప మరేమీ కనిపించక, దుమ్ములో, దాహంతో, తాను పాము తోకలో ఉన్నానో పడగలో ఉన్నానో తెలియని కాలిబంటు చూపు తెరమీదికి రానేరాదు. యుద్ధాన్ని ఎవరి కంటితో చూపిస్తున్నామన్నది శిల్పానికి సంబంధించిన చిన్న సంగతి కాదు. అది దృక్పథానికి సంబంధించింది. 'బాహుబలి' మొదటి భాగంలో త్రిశూలవ్యూహం కూడా ఇంతే. అది పూర్తిగా కల్పిత రాజ్యం కనుక చారిత్రక సత్యం గురించి దాన్ని నిలదీయలేం. ఐనా ఒక సంగతి ఒప్పుకోవాలి. బట్ట విసిరి, నూనె తడిపి, నిప్పు పెట్టే ఆ ఉపాయంలో వస్తువుల సంబంధం కొంతైనా ఉంది. చరిత్ర పేరు పెట్టుకున్న సినిమాకన్నా కట్టుకథ ఆ ఒక్క ఘట్టంలో నేలకు దగ్గరగా ఉండడం విచిత్రమే.

మన ప్రేక్షకుడు దీన్ని ఇంత సులువుగా ఎందుకు నమ్ముతాడు? వ్యూహం అనే మాట అతనికి చరిత్రలోంచి రాలేదు కనుక. అది భారతంలోంచి వచ్చింది. తిక్కన యుద్ధపర్వాలు, హరికథలు, పద్మవ్యూహంలో అభిమన్యుడు, నాటకాలు, పౌరాణిక చిత్రాలు - వీటన్నిటి మీదుగా వ్యూహం అంటే ఒక రహస్యం, దాని గుట్టు తెలిసిన వీరుడొక్కడే దాన్ని ఛేదించగలడు అన్న భావన మనలో పాతుకుపోయింది. చారిత్రక చిత్రమని పేరు పెట్టినా మనవాళ్లు తీసేది పౌరాణికమే. కిరీటం మారుతుంది, అంతే.

ఈ నేరం సినిమావాళ్లదే అని చేతులు దులుపుకోవడానికి సాహిత్య విద్యార్థులమైన మనకు హక్కు లేదు. దొంగగా తిరుగుతూ లోలోపల రుద్రమకు మేలుచేసే గన్నారెడ్డి ఎక్కడివాడు? అడివి బాపిరాజు నవల 'గోన గన్నారెడ్డి'లోవాడు. బాపిరాజు చిత్రకారుడు, సౌందర్యాన్ని ఆరాధించిన రచయిత; ఆయన రంగులలో చెమట వాసన రాదు. 'పల్నాటి యుద్ధం' 1947లో ఒకసారి, 1966లో ఒకసారి తెరకెక్కింది. 'బొబ్బిలి యుద్ధం' 1964లో వచ్చింది. వీరగాథకూ చరిత్రకూ మధ్య గీత చెరిపేసే పని అప్పటికే మొదలైంది. బొబ్బిలి కథ చూడండి. 1757 జనవరి 24న ఆ కోట ఒక్కరోజులో పడిపోయింది. బుస్సీ ఫిరంగులకు ఆ గోడలు ఆగలేకపోయాయి. ఫిరంగికీ గోడకూ ఉన్న ఆ లెక్క మనకు గుర్తులేదు. మల్లమ్మా, తాండ్ర పాపారాయుడూ గుర్తున్నారు. వాళ్లు గుర్తుండడం తప్పని నేననను. ఆ గోడ ఎందుకు ఆగలేదన్న ప్రశ్న వాళ్ల త్యాగాన్ని చిన్నబుచ్చదు.

సరే, ఓరుగల్లు యుద్ధం నిజంగా ఎలా జరిగింది? ఇది చెప్పడానికి మనకు దొరికే సాక్షి శత్రువుల ఆస్థానకవి అమీర్ ఖుస్రో. సుల్తానును పొగడడం అతని వృత్తి, అతిశయోక్తి అతని అలవాటు. ఐనా 1310 ముట్టడి గురించి అతను రాసింది చదివితే ఆ పొగడ్తల మధ్యనుంచి మట్టి పైకి లేస్తుంది. మాలిక్ కాఫూర్ మనుషులు ముందు వెయ్యిమంది గుర్రపురౌతులతో వచ్చి పట్టుకున్నది ఎక్కడ అనుకున్నారు? మన హనుమకొండ గుట్టను. అక్కడినుంచి చూస్తే ఓరుగల్లు తోటలూ భవనాలూ అన్నీ కనిపిస్తాయని రాశాడు. నేను రోజూ బడికి పోయే దారిలో ఉన్న గుట్ట అది. ఎత్తైన చోటు ముందు పట్టుకోవడం, ఊరిని కంటికింద పెట్టుకోవడం ఆ యుద్ధంలో మొదటి ఎత్తుగడ. తర్వాత కోట చుట్టూ ఒక్కొక్క దళానికి 1,200 గజాల చొప్పున పంచి డేరాలు వేయించారు. మొత్తం 12,546 గజాలని కవి లెక్కగట్టి మరీ రాశాడు. చుట్టుపక్కల చెట్లు కొట్టించి తమ డేరాల వెనక కర్రకోట కట్టుకున్నారు. ఒక రాత్రి కోటలోనుంచి సుమారు వెయ్యిమంది రౌతులు వచ్చి మీదపడ్డారు. ఆ రాత్రిదాడిని తట్టుకోవడానికి అక్కరకొచ్చింది ఆ కొట్టిన చెట్లే. ఇక మట్టిగోడ సంగతి: ఉక్కు బల్లెం దిగనంత గట్టిదనీ, రాళ్లు విసిరే యంత్రం దెబ్బ కొట్టినా రాయి పిల్లలాడుకునే కాయలా వెనక్కి ఎగురుతుందనీ ఖుస్రో ఒప్పుకున్నాడు. శత్రుకవి నోట వచ్చిన ఈ ఒక్క పొగడ్త రాజుకు కాదు, దిమ్మిసకొట్టిన చేతులకు చెందుతుంది. చివరికి కందకాన్ని మట్టితో పూడ్చుకుంటూ, గోడను గండికొట్టుకుంటూ బయటికోట దాటారు. లోపలి రాతికోట దగ్గర నీళ్లు నిండిన మరో కందకం ఎదురైంది. మార్చికల్లా సంధి కుదిరింది. ప్రతాపరుద్రుడు తన బంగారు బొమ్మ చేయించి, దాని మెడకు గొలుసు వేసి పంపాడని చెబుతారు.

ఈ కథలో నాటకీయత లేదని ఏ దర్శకుడైనా అనగలడా? పూడ్చేవాళ్లు ఒకవైపు, తవ్వినవాళ్లు ఒకవైపు. రెండువైపులా పార పట్టినవాడే.

తర్వాతి ముట్టడి ఇంతకన్నా ఆశ్చర్యం. 1321లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్, ఓరుగల్లును చుట్టుముట్టాడు. కోట పడిపోయేటట్టే ఉంది. అప్పుడు ఢిల్లీనుంచి తపాలా రావడం ఆగిపోయింది. సుల్తాను చనిపోయాడని దండులో పుకారు పుట్టింది. సేనానులు ఒక్కొక్కరే జారుకున్నారు. కోటగోడ చేయలేని పని రాని ఉత్తరం చేసింది. దండు చెల్లాచెదురై దేవగిరికి పోయింది. ఆ కాలపు తపాలా మనుషులు గజ్జెలు కట్టిన కర్ర చేతపట్టుకుని ఊరినుంచి ఊరికి పరిగెత్తేవాళ్లని కొన్నేళ్ల తర్వాత వచ్చిన ఇబన్ బటూటా రాశాడు. ఎక్కడో ఆ గజ్జెల చప్పుడు ఆగిపోతే ఇక్కడ ఒక రాజ్యం రెండేళ్లు బతికింది. 1323లో అదే ఉలుగ్ ఖాన్ మళ్లీ వచ్చాడు. గండం గడిచిందన్న సంబరంలో ప్రతాపరుద్రుడు కోటలోని ధాన్యపు కొట్లు తెరిపించి విందులు చేయించాడనీ, అందువల్ల రెండో ముట్టడి నాటికి గింజలు కరువయ్యాయనీ చరిత్రకారులు రాశారు. ఐదు నెలలు ఆగి కోట పడింది. బందీగా ఢిల్లీ పోతూ ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం చెబుతుంది. ఉత్తరం, గింజ: రెండు ముట్టడులను తేల్చినవి ఇవి. ఈ రెంటికీ మన సినిమాల్లో వేషాలు లేవు.

రుద్రమ మరణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నకిరేకల్లు దగ్గరి చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. కాకతి మహాదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరాలని భూదానం చేసిన శాసనం అది. ఇద్దరూ కలిసి చనిపోయారంటే అది యుద్ధంలోనే అయి ఉంటుందనీ, ఆ యుద్ధం తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవునితోనే అయి ఉంటుందనీ చరిత్రకారుల నిర్ధారణ. మరుసటి ఏడు అంబదేవుడు త్రిపురాంతకం శాసనంలో మల్లికార్జునుడి మీద తన గెలుపు చెప్పుకున్నాడు. వయసు మళ్లిన స్త్రీ, సొంత సామంతుడి తిరుగుబాటును అణచడానికి దండుతో కదిలి, ఓడి, చనిపోవడం! ఇంతకన్నా గొప్ప చివరి దృశ్యం ఏ రచయిత ఊహించగలడు? ఐనా సినిమాకు గెలుపే కావాలి. ఇక్కడ నన్ను ఆపేది మరొకటి. ఆ దానం చేసినవాడు రాజబంధువు కాదు, మంత్రి కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు. మహారాణి మరణానికి మనకు మిగిలిన సాక్షి ఒక సిపాయి. ఆ ముమ్మడి కంటితో రుద్రమ కథ చెప్పే రచయిత మనలో ఇంకా పుట్టలేదు.

'సినిమా పాఠ్యపుస్తకం కాదు మాస్టారూ, జనం టికెట్టు కొనాలి' అన్న జవాబు నాకు తెలుసు. దీనికి జవాబు కురొసావా 1954లో తీసిన 'సెవెన్ సమురాయ్'. ఊరికి ఒకవైపు కంచె, ఒకవైపు నీళ్లు నింపిన పొలాలు, ఒక్క దారి మాత్రం కావాలని వదిలి పెట్టడం, ఆ దారిన దొంగలను ఒకరిద్దరిగా లోపలికి రానిచ్చి దారి మూసేయడం, కాగితం మీద సున్నాలు గీసి చచ్చినవాళ్లను ఒక్కొక్కరినే కొట్టేయడం. వ్యూహం ప్రతి అడుగూ ప్రేక్షకుడికి తెలుసు, రైతుకూ తెలుసు. అందుకే ఉత్కంఠ. చివరి యుద్ధమంతా వానలో, బురదలో. ప్రపంచం డెబ్బై ఏళ్లుగా ఆ సినిమా చూస్తూనే ఉంది. నేలను నమ్మితే టికెట్లు తెగవన్న మాట అబద్ధం.

అటువంటి ఊరు మన పక్కనే ఉంది. బైరాన్‌పల్లి. 1948లో రజాకార్ల దాడులను ఆ ఊరి జనం ఒక బురుజు ఆసరాతో ఎదుర్కొన్నారు. బురుజు మీద కాపలా, దండు కనిపిస్తే నగారా, వడిసెలలు, నాటు తుపాకులు. ఒకటి రెండుసార్లు తిప్పికొట్టారు. ఆగస్టు 27న సైన్యం తోడుగా వచ్చి ఫిరంగులు పేల్చాక ఊరు పడింది. చనిపోయినవాళ్ల లెక్క 80కి తక్కువ ఎవరూ చెప్పరు. ఆ బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది. ఓరుగల్లు ముట్టడిలోని పాఠాలన్నీ ఆ చిన్న ఊళ్లో మళ్లీ కనిపిస్తాయి: ఎత్తు, కబురు, మందుగుండు, గోడకు ఫిరంగి. తేడా ఒకటే. ఇక్కడ వ్యూహం పన్నినవాళ్లూ గోడ కాసినవాళ్లూ ఒకరే. 2024లో వచ్చిన 'రజాకార్' సినిమా ఆ గాయాన్ని మతం కోణంలోంచే చూసింది. ఊరు తనను తాను ఎలా కాపాడుకుందన్న సంగతి, దాని వెనక ఉన్న సంఘం, భూమి ప్రశ్న అందులో అడుగున పడిపోయాయి.

ఎం.ఏ. చదివేరోజుల్లో మిత్రుల మధ్య కూర్చుని గౌతమ్ ఘోష్ 'మాభూమి' మొదటిసారి చూశాను. 1980లో విడుదలైన ఆ సినిమాకు ఏనుగులు లేవు, వేలమంది సైనికులు లేరు, డబ్బూ లేదు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. పాత్రలు కల్పితాలే. ఐనా దాన్ని చారిత్రక చిత్రమని ఎవరైనా ఒప్పుకుంటారు. తేదీలు సరిపోయినందుకు కాదు. దొర బలం ఎక్కడినుంచి వస్తుంది, జనం బలం ఎప్పుడు పుడుతుంది అన్న లెక్క సరిపోయింది కనుక. ఐతే దాన్నికూడా మనం నినాదంగా మెచ్చుకుని వదిలేశామేగాని, పోరాట పద్ధతిని తెర మీద ఎలా నిర్మించారో విడమరిచి రాసిన వ్యాసాలు నాకు ఎక్కువ కనిపించలేదు.

అల్లూరి కథ గురించి నాలుగు మాటలు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడిచేసి 26 తుపాకులు తీసుకుపోయారు. ఏమేమి తీసుకున్నదీ రాసి సంతకం పెట్టారు. నెల తిరిగాక, సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో జరిగింది ఇంకా గొప్పది. ముందు నడిచే మనదేశపు సిపాయిలను కొట్టకుండా పోనిచ్చి, వెనక వచ్చే స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులనే కాల్చారు. ఆ ఇరుకు దారిలో కొండ రైతుల గురి ఎంత బిగువైనదో, వాళ్ల రాజకీయం ఎంత స్పష్టమైనదో ఆ ఒక్క ఎత్తుగడలో తెలుస్తుంది. ఎవరు శత్రువు, ఎవరు కూలి సిపాయి అన్న విచక్షణ ఆ వ్యూహంలోనే ఇమిడి ఉంది. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' అదే చింతపల్లి మన్యానికి పోయి తీసిన చిత్రం. దాని లోపాలు దానికున్నా అడవి అడవిలా ఉంది. 2022 నాటి 'ఆర్ఆర్ఆర్' తాను కల్పన అని ముందే చెప్పుకుంది కనుక దాని మీద సంవత్సరాల తగాదా పెట్టుకోను. నా తగాదా వేరే. అందులో ఒక మనిషి మోటారు సైకిలు ఎత్తి విసరగలిగినప్పుడు, ఠాణాలో 26 తుపాకుల కోసం ప్రాణాలొడ్డినవాళ్ల అవసరం ఏమిటో పిల్లలకు అర్థం కాదు. అతిబలుడైన నాయకుడు తెర మీదికి రాగానే ఎత్తుగడ అనవసరమైపోతుంది. బలహీనుల ఆయుధం ఎత్తుగడ. దాన్ని తెరమీదినుంచి తీసేస్తే బలహీనులను కూడా తీసేసినట్టే.

2019 నాటి 'సైరా నరసింహారెడ్డి'లోనూ ఇదే జరిగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక నడిచిన జనంలో ఎక్కువమంది మాన్యం భూములు పోగొట్టుకున్న కట్టుబడులు. వాళ్లు ఎందుకు కత్తి పట్టారో వాళ్ల భూమి చెబుతుంది. తెర మీద వాళ్లు నాయకుడి వెనక దుమ్ముగా మిగిలారు.

రాజుల యుద్ధాలతో మనకేం పని అని అభ్యుదయ మిత్రులు అడుగుతారు. నేనూ అడిగినవాణ్ణే. కాని మనం వదిలేసిన చోటును ఎవరూ ఖాళీగా ఉంచలేదు. 1294లో గోన గన్నారెడ్డి తరఫున అతని మంత్రి విఠలుడు రాయచూరు కోట కట్టించాడు. ఆ సంగతి చెప్పే తెలుగు శాసనం 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతి మీద ఉంది. ఆ రాతిని గనినుంచి బండి మీద ఎక్కించి, వరసలు కట్టిన దున్నపోతుల చేత లాగించుకొచ్చిన వైనాన్ని అక్కడే గోడ మీద గీతల బొమ్మగా చెక్కారు. బండి గట్టి చక్రాలు, పశువులు, తోలే మనుషులు అందులో కనిపిస్తారు. గన్నారెడ్డి కోట గోడ మీద ఏడువందల ఏళ్ల కింద చోటు దొరికిన ఆ బండివాళ్లకు, గన్నారెడ్డి మీద తీసిన సినిమాలో చోటు దొరకలేదు. ఆనాటి శిల్పికి ఉన్నపాటి దృష్టి ఈనాటి కెమెరాకు లేకపోవడాన్ని నిర్మాణవ్యయంతో సమర్థించలేం.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిల్లలను మళ్లీ మట్టికట్ట దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి టేపు, ఒక పార, రెండు తట్టలు పట్టుకుపోయాం. కట్టను ముట్టుకోలేదు, అది నేరం. దూరంగా దారిపక్కన కుప్పపోసి ఉన్న మట్టినే తట్టలకెత్తి మోయించాను. పాము వ్యూహం అడిగిన కుర్రాడు పదకొండో తట్టకు కూర్చుండిపోయాడు. తట్టకు ఎంత మట్టి పడుతుందో, కట్ట ఎత్తు చేరేసరికి ఎంతమంది చేతులు మారాలో పిల్లలు నోటు పుస్తకాల్లో వేసుకున్నారు. ఒకమ్మాయి ఆడవాళ్ల కూలి వేరేగా రాయాలా కలిపి రాయాలా అని అడిగింది. లెక్కల మాస్టారూ నేనూ దాని మీద ఇంకా తగాదా పడుతూనే ఉన్నాం.